3 లక్షల కిలోమీటర్లు తిరిగిన కంపెనీ డీజిల్ బండ్లు: బాగు చేయించి అమ్మాలా, ఉన్నవి ఉన్నట్టే ఇచ్చేయాలా?

ఫ్లీట్_జీడిమెట్ల

నమస్తే. కంపెనీ పేరు మీద ఉన్న 10 బండ్లు ఈ ఆర్థిక సంవత్సరం, అంటే 2025-26 ముగిసేలోపు తీసేయాలి. వివరాలు ఇవి.

డిజైర్ డీజిల్ 6, 2018 జూన్‌లో కొన్నవి, తెలంగాణ రిజిస్ట్రేషన్, వైట్ బోర్డు, ఒక్కోటి అప్పట్లో 8 లక్షలు. మీటర్లు 2.1 లక్షల నుంచి 2.9 లక్షల దాకా ఉన్నాయి.

ఇన్నోవా క్రిస్టా 2.4 మాన్యువల్ 2, 2019 డిసెంబర్‌వి, ఒక్కోటి 22 లక్షలు. 3.1 లక్షలు, 3.4 లక్షలు తిరిగాయి.

బొలెరో పికప్ 2, 2018 జనవరివి, విశాఖ యూనిట్‌లో ఉన్నాయి. ఏపీ రిజిస్ట్రేషన్, ఎల్లో బోర్డు. ఫిట్‌నెస్ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. అడుగున తుప్పు బాగానే ఉంది.

మూడు డిజైర్లలో గట్టి కంప్లయింట్లు ఉన్నాయి. మొదటిది పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, రెండు నిమిషాలు మిస్సింగ్ (ఇంజన్ తడబడటం), తర్వాత మామూలే. గ్యారేజీ వాళ్లు "ఇంజన్ బోరుకి వచ్చింది" (సిలిండర్లు, రింగులు అరిగాయి, విప్పి చేయాలి) అని 85,000కి ఎస్టిమేట్ ఇచ్చారు. రెండోది సెల్ఫ్ కొట్టగానే ముందు భాగంలో గొలుసు ఈడ్చినట్టు శబ్దం, నాలుగైదు సెకన్లకి ఆగిపోతుంది. మూడోది పది రోజులకి లీటరు కూలెంట్ తాగుతోంది, కింద మాత్రం ఎక్కడా చుక్క కనపడదు. మిగతా మూడింటికి సస్పెన్షన్ సౌండ్ తప్ప ఏమీ లేదు. 3.1 లక్షల క్రిస్టా క్లచ్ వదిలేటప్పుడు బండంతా వణుకుతుంది.

ఒక బ్రోకర్ ఆరు డిజైర్లూ లాట్‌గా ఇస్తే ఒక్కోటి 2.1 లక్షలు అంటున్నాడు. కంప్లయింట్ లేనివి విడిగా అడిగితే 2.9 దాకా వస్తున్నారు. క్రిస్టాలకి 9.8 లక్షలు చెబుతున్నారు. ఏవి బాగు చేయించాలి, ఏవి అలాగే ఇచ్చేయాలి? జీఎస్టీ మొత్తం ధర మీద కట్టాలా? ఆర్టీఏ కాగితాల్లో కంపెనీ ఇరుక్కునే చోట్లు ఏవి?

డీజిల్_మేస్త్రి

సార్, ఆ 85,000 ఎస్టిమేట్ పక్కన పెట్టండి. ఇంజన్ విప్పకముందే "బోరుకి వచ్చింది" అని చెప్పాలంటే నాలుగు పరీక్షలు చేసి ఉండాలి. వాటి రిపోర్టు ఎస్టిమేట్‌తో పాటు మీ చేతికి రాలేదంటే ఆ మాట ఊహే. పాత బండి కొనేవాడు తెలిసిన జబ్బుకి దాని ఖర్చే కోస్తాడు, తెలియని జబ్బుకి ఇంజన్ మొత్తం ఖర్చు కోస్తాడు. అందుకే ముందు పరీక్షలు, తర్వాత నిర్ణయం.

మొదటి డిజైర్ సంగతి. బండిని రాత్రంతా ఆపి ఉంచండి. పొద్దున మీ మనిషి ముందే మొదటి సెల్ఫ్ కొట్టాలి. ఎవరైనా ముందుగా స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే పరీక్ష పనికిరాదు. పొగ దగ్గర నిలబడితే కళ్లు మండి పచ్చి డీజిల్ వాసన వస్తే అది కాలని డీజిల్. తియ్యటి వాసన వస్తే కూలెంట్. నీలం రంగు ఉంటే ఆయిల్. మీరు చెప్పినట్టు రెండు నిమిషాల్లో సర్దుకుంటోందంటే పచ్చి డీజిల్ అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) నోజిల్ కారుతూ ఉండాలి, గ్లో ప్లగ్ (చల్లటి ఇంజన్‌లో సిలిండర్‌ను వేడి చేసేది) పోయి ఉండాలి, లేదా ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గి ఉండాలి.

చవకైన పరీక్షతో మొదలుపెట్టండి. గ్లో ప్లగ్ వైరు తీసి మల్టీమీటర్‌తో ప్లగ్ తలకీ ఇంజన్ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. మంచిదైతే ఒకటి రెండు ఓమ్‌ల లోపే చూపిస్తుంది, పోయినదైతే సర్క్యూట్ తెగినట్టు చూపిస్తుంది. మన ఎండలకి గ్లో ప్లగ్ పోయినా బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇన్ని కిలోమీటర్ల తర్వాత ప్లగ్ కార్బన్‌తో హెడ్‌కి పట్టేసి ఉంటుంది, చల్లటి ఇంజన్ మీద స్పానర్ వేసి తిప్పితే సగానికి విరుగుతుంది. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, మర్నాడు ఇంజన్ వేడెక్కాక మెల్లగా వదులు చేయాలి.

తర్వాత లీక్-ఆఫ్ టెస్ట్. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు గీతల సీసాల్లోకి పెట్టి, ఐడిల్‌లో కొన్ని నిమిషాలు నడిపితే ఏ ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో కంటికి కనపడుతుంది. మూడు సీసాల్లో ఒకే మట్టం ఉండి ఒకదాంట్లో రెండు మూడు రెట్లు ఉంటే దొంగ దొరికినట్టే. ఒకటి గుర్తుంచుకోండి. ఈ పరీక్షలో తెలిసేది ఇంజెక్టర్ లోపలి వాల్వ్ అరుగుదల. నోజిల్ మొన దగ్గర కారడం తెలియాలంటే ఇంజెక్టర్లు తీసి బెంచ్ మీద స్ప్రే చూడాల్సిందే. బెంచ్ రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి. తీసిన ప్రతిసారీ అడుగున కొత్త రాగి వాషర్ వేయించాలి. పాత వాషరే వేస్తే గ్యాస్ పైకి తన్ని ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి గట్టి పదార్థం పేరుకుంటుంది, అప్పుడు ఇంజెక్టర్ తీయడమే ఒక పెద్ద పని అవుతుంది. ఇంజెక్టర్ మార్చినా, వాల్వ్ మార్చి కాలిబ్రేట్ చేసినా, దాని కోడ్ స్కానర్‌తో ఈసీయూలో, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ పని వదిలేస్తే కొత్త ఇంజెక్టర్ వేసినా ఐడిల్ కుదరదు, పాత కంప్లయింట్ పోలేదనుకుంటారు.

ఇంజెక్టర్లు ఎలాగూ తీస్తారు కాబట్టి అప్పుడే కంప్రెషన్ కొలవండి. గేజ్‌లో వచ్చే అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు ఒకలా ఉండి ఒకటి నాలుగైదు బార్ తక్కువ చూపిస్తే అక్కడ వాల్వో రింగో పోయింది. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే బోరు మాట ఎత్తనక్కర్లేదు. దీనికి ముందే ఖర్చు లేకుండా చూసుకునేది ఒకటుంది. ఇంజన్ వేడిగా ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత విప్పి బోర్లించి ఊరికే పెట్టండి. కొద్దిగా అదిరితే ఫర్వాలేదు. ఎగిరి పడేంత గాలి తన్ని, సన్నగా పొగ కూడా వస్తుంటే రింగులు అరిగాయి. అప్పుడు మాత్రమే 85,000 గురించి మాట్లాడాలి. ఆ స్థితిలో కూడా నా సలహా, అమ్మే బండికి ఇంజన్ పని చేయించొద్దు. 3 లక్షలు రాని బండికి పెట్టిన 85,000లో సగం కూడా అమ్మకం ధరలో తిరిగి రాదు. రిపోర్టు చేతికిచ్చి ఉన్నది ఉన్నట్టుగా అమ్మండి.

రెండో డిజైర్‌ను అమ్మేదాకా తిప్పడం ఈరోజే ఆపండి. ఈ 1248 సీసీ ఇంజన్‌కి టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. చైన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది కాబట్టి ఒకటి రెండు సెకన్ల చప్పుడు మామూలే. నాలుగైదు సెకన్లు ఉంటోందంటే చైన్ సాగింది, లేదా టెన్షనర్, గైడ్లు అరిగాయి. ఆయిల్ మార్పు ఆలస్యమైన బండ్లలో, లెవెల్ తగ్గి నడిచిన బండ్లలో ఇది ముందుగా వస్తుంది. ఈ ఇంజన్ పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్, అందులో లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. చైన్ ఒక పన్ను దాటి ఎగిరితే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. చాలాసార్లు రాకర్ ఆర్మ్‌లు విరిగి వాల్వుల్ని కాపాడతాయి కానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇది మాత్రం బాగు చేయించి అమ్మాల్సిన కంప్లయింట్. చైన్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోనివ్వొద్దు. చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు, ముందు క్రాంక్ ఆయిల్ సీల్ అన్నీ కలిపి కిట్‌గా వేయించండి. క్యామ్‌కీ ఫ్లైవీల్‌కీ లాక్ టూల్స్ ఉన్న గ్యారేజీకే ఇవ్వండి. మార్కర్ గీతలు పెట్టి చైన్ కూర్చోబెట్టేవాళ్లు టైమింగ్ కొద్దిగా తప్పించేస్తారు, ఆ తర్వాత పికప్ ఎందుకు లేదో ఎవరికీ అంతు పట్టదు. పని జరిగేటప్పుడు చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) దింపించి స్ట్రెయినర్ జాలీ చూడమనండి. గైడ్ల ప్లాస్టిక్ ముక్కలు అందులో చిక్కుకుని ఉంటే ఆయిల్ ప్రెషర్ రాదు, కొత్త టెన్షనర్ కూడా చప్పుడు చేస్తుంది.

మూడోది, కూలెంట్. చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ టెస్టర్ బిగించి, రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా పంపు కొట్టి పావుగంట చూడండి. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. వాటర్ పంప్ కింద ఎండిన మరకలు, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ అంచులు, ఆయిల్ ఫిల్టర్ పక్కనున్న ఆయిల్ కూలర్ గాస్కెట్ చూడండి. ఆయిల్ కూలర్ అయితే రిజర్వాయర్‌లో జిడ్డు తేలుతుంది. బయట ఏమీ దొరక్కపోతే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచేది), హెడ్ గాస్కెట్ మిగులుతాయి. రాత్రి ఆపిన బండికి పొద్దున మూత విప్పకముందు పై హోస్ నొక్కి చూడండి. ఇంకా గట్టిగా, గాలి నిండి ఉంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి పోతోంది. కూలెంట్‌లో సిలిండర్ గ్యాస్ ఉందేమో చూపే బ్లాక్ టెస్టర్‌లోని నీలం ద్రవం పసుపుకి మారితే అనుమానం తీరినట్టే. ఈలోపు ఎవరైనా లీకులు మూసే పౌడరు పోస్తామంటే ఒప్పుకోకండి. అది రేడియేటర్ సన్న గొట్టాల్ని కూడా మూసేసి, కొన్నవాడికి మొదటి ఎండాకాలంలోనే ఇంజన్ సీజ్ చేస్తుంది.

క్రిస్టా విషయంలో ఆలోచించక్కర్లేదు, క్లచ్ వేయించండి. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ ఒకేసారి. గేర్‌బాక్స్ దింపాక ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, సన్న పగుళ్లు ఉన్నాయేమో మీ మనిషి కళ్లతో చూసి ఫోటో తీయాలి. వణుకుకి మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది, కొత్త ప్లేట్ ఒక్కటే వేస్తే నెలలో మళ్లీ మొదలవుతుంది. వెనక క్రాంక్ సీల్ దగ్గర తడి ఉంటే అదీ అప్పుడే మార్చాలి, లేదంటే ఆయిల్ కారి కొత్త ప్లేట్ పాడవుతుంది. పది లక్షలకి దగ్గరగా పలికే బండి టెస్ట్ డ్రైవ్‌లో మొదటి గేర్‌లోనే వణికితే మిగతాదేదీ చూడరు.

మిగతా మూడు డిజైర్లకి లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు వేయించండి. ఆ సౌండ్‌లో ముక్కాలు భాగం వాటిదే, ఖర్చూ తక్కువ. అంతకుమించి ఫుల్ బాడీ పెయింట్, కొత్త టైర్లు, సీట్ కవర్లు ఏవీ వద్దు. అమ్మే ముందు కొత్తగా వేసిన పెయింట్ చూస్తే యాక్సిడెంట్ బండేమో అనే అనుమానం వస్తుంది.

ఖాతా_లెక్క

జీఎస్టీ మొత్తం ధర మీద కాదండి, మార్జిన్ మీద. కానీ మీ మూడు రకాల బండ్లకి మూడు రకాల ఫలితాలు వస్తాయి, అందుకే విడివిడిగా రాస్తున్నాను.

2024 డిసెంబర్ 21న జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, 2025 జనవరి 16 నోటిఫికేషన్‌తో పాత వాహనాలన్నిటికీ ఒకే రేటు వచ్చింది, 18 శాతం. మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 32 ప్రకారం తరుగుదల పోగా మిగిలిన విలువ తీసేస్తే వచ్చేది. కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోని బుక్ వాల్యూ దీనికి పనికిరాదు. చాలామంది అకౌంటెంట్లు తప్పు చేసేది ఇక్కడే. మార్జిన్ మైనస్ వస్తే పన్ను లేదు. షరతు ఒకటే, కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (అప్పుడు కట్టిన జీఎస్టీని కంపెనీ కట్టాల్సిన పన్నులో సర్దుకోవడం) తీసుకుని ఉండకూడదు.

మీ డిజైర్లు చూద్దాం. 13 సీట్ల లోపు ప్యాసింజర్ బండ్లకి క్రెడిట్ రాదు కాబట్టి షరతు తీరినట్టే. 8 లక్షలకి ఏటా 15 శాతం చొప్పున, 2018-19 నుంచి 2024-25 దాకా ఏడేళ్లు తీస్తే మిగిలేది 2,56,462. 2.9 లక్షలకి అమ్మితే మార్జిన్ 33,538, దాని మీద జీఎస్టీ 6,037. బ్రోకర్ చెప్పిన 2.1 లక్షలకే అమ్మితే సున్నా.

క్రిస్టాలు కొన్న తేదీ చాలా ముఖ్యం. 2019 ఆగస్టు 23 నుంచి 2020 మార్చి 31 లోపు కొని వాడకంలోకి తెచ్చిన కార్లకి తరుగుదల రేటు 30 శాతం. మీవి డిసెంబర్‌వి కాబట్టి మొదటి ఏడాది 180 రోజుల లోపు వాడకం, అంటే సగం, 15 శాతం. తర్వాత ఐదేళ్లు 30 శాతం చొప్పున. 22 లక్షలు ఇప్పుడు 3,14,291కి దిగింది. 9.8 లక్షలకి అమ్మితే మార్జిన్ 6,65,709. జీఎస్టీ ఒక్కో బండికి 1,19,828. కాబట్టి "9.8 లక్షలు" అన్నవాణ్ని జీఎస్టీ కలిపా, విడిగానా అని ముందే అడిగి రాయించుకోండి. ఆ ఒక్క మాట మీద రెండు బండ్లకి కలిపి 2.4 లక్షలు ఆధారపడి ఉంది.

క్రిస్టాల్లో ఇంకో చిక్కు ఉంది. ఆదాయపు పన్నులో తరుగుదల బండివారీగా ఉండదు, ఒకే రకం ఒకే రేటు ఆస్తులన్నీ ఒక బ్లాక్. మీ 30 శాతం బ్లాక్‌లో ఈ రెండు కార్లే ఉంటే, రెండూ అమ్మగానే బ్లాక్ ఖాళీ. సెక్షన్ 50 ప్రకారం 19.6 లక్షల్లోంచి 6.29 లక్షలు పోగా సుమారు 13.3 లక్షలు షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్ అవుతుంది. బదులుగా కొత్త కార్లు కొన్నా లాభం లేదు, అవి 15 శాతం బ్లాక్‌లోకి పోతాయి. అడ్వాన్స్ టాక్స్ లెక్కలో ఇది ముందే చేర్చండి.

బొలెరో పికప్‌లు సరుకు బండ్లు, వాటికి క్రెడిట్ వస్తుంది, తీసుకునే ఉంటారు. తీసుకుని ఉంటే మార్జిన్ లెక్క వర్తించదు, పూర్తి అమ్మకం ధర మీద పన్ను. సరుకు వాహనాల రేటు 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18కి తగ్గింది. పాత క్రెడిట్‌లో త్రైమాసికానికి 5 శాతం చొప్పున తగ్గించి మిగిలినదానితో పోల్చి, ఏది ఎక్కువైతే అది కట్టాలన్న నియమం ఉంది. కానీ ఐదేళ్లు దాటిన బండికి ఆ మిగులు సున్నా, కాబట్టి ధర మీద 18 శాతమే. 2018 జనవరి కొనుగోలు ఇన్‌వాయిస్, ఆ నెల రిటర్న్ తీసి క్రెడిట్ తీసుకున్నారో లేదో చూసుకున్నాకే బిల్లు వేయండి.

పాతబండ్ల_బేరం

కాగితాల సంగతి నేను చెబుతాను. ముందుగా ఒక్క మాట, లాట్‌గా ఇవ్వకండి. లాట్ ధర ఎప్పుడూ అందులో అన్నిటికన్నా చెడ్డ బండిని చూసి కడతారు. తెల్ల పొగ బండి పక్కన నిలబడినందుకు మీ మంచి డిజైర్లు మూడూ 80 వేలు చొప్పున పోగొట్టుకుంటున్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ మానేసింది కాబట్టి, రోజుకి వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఈ డిజైర్ ఇప్పటికీ కావాలి. సర్వీస్ రికార్డు ఉన్న కంపెనీ బండికి 2.5 లక్షల కిలోమీటర్లున్నా కొనేవాడు ఉన్నాడు. ఆ రికార్డు ప్రింట్ తీసి ఒక్కో బండికి ఒక్కో ఫైలు పెట్టండి. మేస్త్రి గారు చెప్పిన టెస్ట్ రిపోర్టులు, చైన్ కిట్ బిల్లు, క్లచ్ ఫోటోలు అందులోనే. మీటర్ తిప్పిస్తామని ఎవరైనా వస్తే గేటు దగ్గరే పంపించేయండి. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో అసలు అంకె ఉంటుంది, బయటపడితే చీటింగ్ కేసు కంపెనీ పేరు మీదే.

ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉందేమో ఈరోజే చూడండి. లోన్ తీరి మూడేళ్లయినా హైపోథికేషన్ తీయించని కంపెనీ బండ్లు బోలెడు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి తీయించాలి. ఎన్‌ఓసీ పాతబడిపోతే మళ్లీ తెచ్చుకోవాలి, బేరం కుదిరాక ఈ పని మొదలుపెడితే కొనేవాడు ఆగడు.

బదిలీకి ఫారం 29, ఫారం 30. కంపెనీ తరఫున బోర్డు తీర్మానం, సంతకం చేసే అధికారి పేరుతో లెటర్‌హెడ్ మీద అధికార పత్రం, కంపెనీ పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, కంపెనీ ముద్ర కావాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి, పెండింగ్ చలాన్లు కట్టేసి ఉండాలి. బండ్లు రెండు రాష్ట్రాలూ తిరిగాయి కాబట్టి చలాన్లు తెలంగాణవీ ఏపీవీ విడివిడిగా చూడండి.

కంపెనీలు ఇరుక్కునేది ఖాళీ ఫారాల మీద సంతకం దగ్గర. బ్రోకర్ "ఓపెన్ ట్రాన్స్‌ఫర్ పేపర్లు ఇవ్వండి, అమ్మాక నింపుకుంటాం" అంటాడు. ఆ బండి మూడు చేతులు మారి ఎక్కడో యాక్సిడెంట్ చేస్తే నోటీసు ఆర్‌సీలో ఉన్న పేరుకే వస్తుంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది. బండి ఎంతమంది చేతులు మారినా, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే పరిహారం విషయంలో వారే యజమాని. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. మీ 14 రోజుల పని మీరు చేసి, రసీదు దాచుకోండి.

డీలర్‌కి ఇస్తుంటే ఇంకో రక్షణ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అధీకృత పాత వాహన డీలర్ల నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆ అధికార పత్రం ఉన్న డీలర్‌కి బండి అప్పగించి ఫారం 29సీ పోర్టల్‌లో పెడితే, అక్కణ్నుంచి బండి బాధ్యత ఆ డీలర్‌దే. మీ బ్రోకర్‌ని ఆ పత్రం ఉందా అని అడగండి. లేదంటే నేరుగా చివరి కొనుగోలుదారు పేరు మీదే చేయండి.

రాష్ట్రం దాటి అమ్మడం మీకు లాభం కాదు. తెలంగాణ డిజైర్‌ను కర్నూలు మనిషి కొంటే ఫారం 28 ఎన్‌ఓసీ, మళ్లీ ఏపీలో లైఫ్ టాక్స్. ఆ డబ్బు మీ ధరలోంచే కోస్తాడు. డిజైర్లు తెలంగాణలో, పికప్‌లు ఏపీలో అమ్మండి.

పికప్‌లకి ఫిట్‌నెస్ ఉండగానే అమ్మేయాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏడాదికే ఇస్తారు. ఫిట్‌నెస్ లేని బండి రోడ్డెక్కదు, అప్పుడు ధర కట్టేది స్క్రాప్ వాళ్లే. విశాఖ ఉప్పు గాలికి ఛాసిస్ క్రాస్ మెంబర్లు, స్ప్రింగ్ పట్టీల బ్రాకెట్లు ముందు పోతాయి. సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే పై తుప్పే, రుద్ది ప్రైమర్ కొడితే చాలు. డొల్ల శబ్దం వచ్చి పొరలు రాలితే అక్కడ వెల్డింగ్ పట్టీ వేయించాలి. బ్లాక్ పెయింట్ కొట్టి కప్పేస్తే కొనేవాడి మేస్త్రి గోటితోనే గీకి చూస్తాడు.

అప్పగించే రోజు డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ నిమిషాలతో రాయండి, మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. డబ్బు కంపెనీ ఖాతాలో పడ్డాకే తాళం ఇవ్వండి. ఫాస్టాగ్ మూయించి అద్దం మీంచి పీకేయండి, జీపీఎస్ తీసేయండి, డీజిల్ కార్డు రద్దు చేయించండి. పాత ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ ఉంటే అది బండితో పోదు, మీదే. సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త బండికి వాడుకోవచ్చు.

ఫ్లీట్_జీడిమెట్ల

అందరికీ చాలా థాంక్స్ అండి. క్రిస్టా బ్లాక్ సంగతి మా ఆడిటర్‌కి ఈరోజే పంపాను, ఆ బ్లాక్‌లో ఆ రెండే ఉన్నాయి. రెండు డిజైర్ల హైపోథికేషన్ ఇంకా ఆర్‌సీలో ఉంది, బ్యాంకుకి రాశాం.

మొదటి డిజైర్ పరీక్షలు అయ్యాయి. గ్లో ప్లగ్‌లు రెండు పోయాయి. లీక్-ఆఫ్‌లో 1, 2, 4 సీసాల్లో దాదాపు 20 మి.లీ. చొప్పున, మూడో దాంట్లో 55. కంప్రెషన్ నాలుగూ ఒక బార్ తేడాలో ఉన్నాయి. మూత బోర్లిస్తే కొద్దిగా అదిరింది, ఎగరలేదు. మూడో డిజైర్‌కి పొద్దున హోస్ మెత్తగానే ఉంది, బ్లాక్ టెస్టర్ రంగు మారలేదు, కానీ ప్రెషర్ టెస్ట్‌లో ముల్లు మెల్లగా దిగుతోంది. వాటర్ పంప్ పొడిగా ఉంది, రిజర్వాయర్‌లో జిడ్డు లేదు. ఇప్పుడేం చేయాలి?

డీజిల్_మేస్త్రి

మొదటి దాని ఇంజన్ బాగుంది సార్, బోరు పని అక్కర్లేదు. మూడో ఇంజెక్టర్ ఒక్కదానికే బెంచ్ మీద వాల్వ్, నోజిల్ రెండూ వేయించండి. మిగతా మూడూ కూడా తీశారు కాబట్టి స్ప్రే చూసి, నాలుగింటికీ కొత్త రాగి వాషర్లు. గ్లో ప్లగ్‌లు రెండే పోయినా నాలుగూ మార్చండి. మూడో సిలిండర్ కొత్త కోడ్ ఎక్కించాక పాత ఫాల్ట్ కోడ్లు తుడిచి, మర్నాడు పొద్దున చల్లటి స్టార్ట్ వీడియో తీసి ఫైల్లో పెట్టండి. ఈ బండి ఇప్పుడు మంచి డిజైర్ల వరసలోకి వచ్చింది.

మూడో దానికి ముల్లు దిగుతూ బయట చుక్క లేదంటే ముందు హీటర్ వైపు చూడండి. డ్రైవర్ పక్క సీటు ముందు కార్పెట్ ఎత్తి కింద తడి ఉందేమో, ఏసీ ఆపి హీటర్ పెడితే అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుందేమో గమనించండి. అక్కడ పొడిగా ఉంటే ఈజీఆర్ కూలర్ విప్పాలి. ప్రెషర్ టెస్టర్ బిగించి ఉంచే, కూలర్ ఎగ్జాస్ట్ వైపు పైపు తీసి టార్చి వేసి చూడండి. లోపల ఎండిన మసి ఉండాల్సిన చోట కడిగినట్టు తడిగా, శుభ్రంగా కనపడితే లీకు అక్కడే. కూలర్ మార్చండి, వెల్డింగ్ చేస్తామంటే వద్దనండి, అది వేడికి నెలల్లో మళ్లీ విచ్చుకుంటుంది. మార్చాక గాలి పూర్తిగా పోయేదాకా కూలెంట్ నింపి, 200 కిలోమీటర్లు తిప్పి, లెవెల్ గీత దగ్గరే నిలబడిందని చూసుకున్నాకే బేరానికి పెట్టండి.